చిరంజీవి జంపర్ వైరుకు

చిరంజీవి నీలం రంగు జంపర్ వైరును ఆశీర్వదించి రాయునది.

చిరంజీవి అని మర్యాదకి అనలేదు. నీకు చావు లేదు కాబట్టే అన్నాను. లోపల తీగ తెగి ఎన్ని నెలలైందో ఏమో, పైన ప్లాస్టిక్ తొడుగు మాత్రం నిగనిగలాడుతూ ఉంటుంది. మా రోబోటిక్స్ క్లబ్బులో రెండు భాగాల మధ్య కరెంటు మోసే చిన్న వైరువి కదా అని ఎవరో ఒక పిల్ల నిన్ను బ్రెడ్‌బోర్డులో, అంటే భాగాల్ని గుచ్చి సర్క్యూట్ కట్టే రంధ్రాల పలకలో, గుచ్చుకుని గంటసేపు అవస్థ పడుతుంది. చివరికి "ఇది పోయింది సార్" అని నిన్ను పీకి, తీసిన డబ్బాలోనే మళ్లీ పడేస్తుంది. వచ్చే శనివారం ఇంకో పిల్లాడి చేతికొచ్చేదీ నువ్వే. వాలంటీర్లు మారారు, పిల్లలు మారారు, లైబ్రరీ వాళ్లు మాకిచ్చే గది రెండుసార్లు మారింది. నువ్వు మాత్రం ఆ డబ్బాలోనే ఉన్నావు.

ఉభయకుశలోపరి. మొన్నటి ప్రదర్శన సంగతి తేల్చుకుందామనే ఈ ఉత్తరం.

ఆ రోజు అతిథులొచ్చారు, దాతలొచ్చారు, మెడలో కెమెరా వేసుకుని ఒకాయన వచ్చాడు. నేల మీద నల్ల టేపుతో గీత వేసి ఉంది. దాని వెంట నడవాల్సింది పదకొండేళ్ల అమ్మాయి ఒకతి కట్టిన బండి. కింద, కంటికి కనపడని వెలుతురు విసిరి అది తిరిగొస్తుందో లేదో చూసే రెండు ఐఆర్ సెన్సార్లు, రెండు పసుపు పచ్చ మోటార్లు. నలుపు మీదికొస్తే వెలుతురు మింగుకుపోతుంది, తెలుపు మీదికొస్తే తిరిగొస్తుంది. అంత తేలిక లెక్క. పొద్దున్నుంచీ చక్కగా తిరిగింది. అతిథులు కుర్చీల్లో కూర్చోగానే ఎడమ చక్రం ఆగిపోయింది. బండి ఉన్నచోటే బొంగరంలా తిరగడం మొదలెట్టింది.

ఏం చేశానో నీకు తెలుసు, అక్కడే ఉన్నావుగా. ల్యాప్‌టాప్ తెరిచి కోడ్‌ని తిట్టాను. సెన్సార్ల అంకెలు మార్చాను. కిటికీలోంచి ఎండ పడుతోందని కర్టెన్లు లాగించాను. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నిన్ను కళ్ల ముందు పెట్టుకుని గదంతా వెతికాను. వెనకనుంచి ఆ అమ్మాయి "సార్, ఒక్కసారి నేను చూస్తాను" అంటూనే ఉంది. "ఆగమ్మా, టెన్షన్ పెట్టకు" అన్నాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

కొత్త బ్యాటరీ తెద్దామని పక్క గదిలోకి వెళ్లాను. ఆ కాస్త వ్యవధిలో ఆ అమ్మాయి కరెంటు కొలిచే మల్టీమీటరుని, తీగ తెగకుండా ఉంటే మోగే బీప్ గుర్తు మీదికి తిప్పి, నీ రెండు కొసలకీ రెండు ప్రోబులు ఆనించి, బొటనవేలితో నిన్ను మెల్లగా వంచింది. బీప్. ఇంకొంచెం వంచితే చప్పుడు లేదు. మళ్లీ నిటారుగా పెడితే బీప్. నిన్ను పీకేసి ఇంకో వైరు పెట్టింది. నేను బ్యాటరీతో తిరిగొచ్చేసరికి బండి గీత మీద నడుస్తోంది, జనం చప్పట్లు కొడుతున్నారు, ముఖ్య అతిథి నా చెయ్యి పట్టుకుని ఊపేస్తున్నారు. ఆ అభినందనల్ని నేను చాలా వినయంగా స్వీకరించాను. ఫోటో కూడా ఉంది. అందులో ఆ అమ్మాయి మోచెయ్యి కనపడుతుంది.

తప్పు నీదేనని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు కాస్త అనుమానంగా ఉంది. ఆ గదిలో ఆ పిల్లకి ఏదైనా నేర్పింది ఎవరయ్యా అని లెక్కేస్తే నా పేరు రావట్లేదు, నీ పేరొస్తోంది. జీతం లేకుండా పనిచేస్తున్నానని నలుగురికీ చెప్పుకునేవాణ్ని నేను. నువ్వు అదీ చెప్పుకోలేదు.

నీ వంశం చిన్నదేం కాదు. 1967లో సేమూర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోయర్‌జైగ్ పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తెచ్చారు. తర్వాత దాంతో నేల మీద తాబేలు బొమ్మని నడిపించారు. ఆ తాబేళ్లలో కొన్నిటికి తోకలా పొడవాటి తీగ ఉండేది, దాని రెండో కొస కంప్యూటర్‌లో. అదే నీ ముత్తాత. ప్రోగ్రాంలో తప్పొస్తే దాన్ని దాచుకోవాల్సిన పని లేదు, దాన్ని విప్పి చూడటమే చదువు అని పాపర్ట్ వాదన. 1989లో అమెరికాలో డీన్ కేమెన్ అనే ఆవిష్కర్త పిల్లల కోసం ఫస్ట్ అనే సంస్థ పెట్టి, 1992లో ఒక హైస్కూలు జిమ్‌లో 28 జట్లతో మొదటి రోబో పోటీ జరిపించాడు. 2005లో ఇటలీలో, మోటార్లనీ సెన్సార్లనీ నడిపే ఆర్డుయినో అనే చిన్న బోర్డు పుట్టాక నీకు చేతినిండా పని దొరికింది. 2016లో బ్రిటన్‌లో పదకొండు పన్నెండేళ్ల పిల్లలకి మైక్రోబిట్ అనే బుల్లి కంప్యూటర్ బోర్డులు ఉచితంగా పంచారు. మొసలి నోరులా కరిచి పట్టుకునే మొసలి క్లిప్పులు తేలిగ్గా పట్టుకోవాలని దాని అంచున పెద్ద రంధ్రాలు పెట్టారు, నీలాంటివాళ్ల బెడద తగ్గుతుందనుకున్నారో ఏమో. మొసలి క్లిప్పు కూడా జారుతుంది. రక్తసంబంధం ఎక్కడికి పోతుంది?

నీ చుట్టాల్నీ ఎరుగుదును. పొడుగు బ్రెడ్‌బోర్డు ఒకటుంది. దాని పక్కన ఎర్ర గీత ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఉన్నట్టే కనిపిస్తుంది, లోపల మధ్యలో తెగి ఉంటుంది. సగం బోర్డుకి కరెంటు, సగం బోర్డుకి ఉపవాసం. ఆ పలక లాంటి తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఇంకో రకం. ఎల్ఈడీని వెలిగించి మురిపిస్తుంది, రెండు మోటార్లు తిప్పమంటే నీరసపడుతుంది, బండిని నడిపే బోర్డు ఠక్కున ఆగి మళ్లీ మొదటికొస్తుంది. మోటార్లకో బ్యాటరీ, బోర్డుకో బ్యాటరీ పెట్టి రెండిటి మైనస్‌లూ కలపడం మర్చిపోతే వచ్చే పిచ్చి వేషాలు సరేసరి. ఇవన్నీ నేను గోడ మీది బోర్డు మీద రాసి చెప్పాను. ఎవరికీ గుర్తు లేదు. ఒక్కసారి తగిలినవాళ్లకి మాత్రం గుర్తుంది.

అందుకేనేమో నువ్వంటే పెద్దవాళ్లకి పడదు. "వైరింగ్ అక్కర్లేదు, టక్కున అతుక్కుంటుంది" అనే కిట్లు వచ్చాయి. బొమ్మల పుస్తకంలో మొదటి పేజీ నుంచి చివరి పేజీదాకా చూపించినట్టు బిగిస్తే పదిహేను బల్లల మీద పదిహేను ఒకే రకం రోబోలు. సాయంత్రానికి విప్పేసి, ముక్కలు లెక్కపెట్టి పెట్టెలో సర్దాలి, తర్వాతి బ్యాచ్ మళ్లీ అదే రోబో చెయ్యాలి కదా. చిన్నపిల్లలకి ఆ కిట్లు మంచివే, నాకూ ఇష్టమే. కానీ అందులో ఏదీ పాడవదు. ఏదీ పాడవకపోతే ఆ పిల్లలు నన్ను అడగాల్సిందీ లేదు, ఒకళ్లనొకళ్లు అడగాల్సిందీ లేదు.

దాతల్నీ ఏమీ అనలేను, వాళ్లుంటేనే మేము. కిట్లు ఇస్తారు. వైర్లకీ బ్యాటరీలకీ అడిగితే "అవి ఖర్చైపోయేవి కదండీ" అంటారు. ఖరీదైన పెట్టె వస్తుంది, దాని మీద స్టిక్కరు అంటిస్తారు, రిజిస్టర్‌లో ఎక్కిస్తారు, ఏ ముక్క పోయినా జవాబు చెప్పాలని మేము బీరువాలో పెట్టి తాళం వేస్తాం. నీకు స్టిక్కరు లేదు, రిజిస్టర్‌లో పేరు లేదు. అందుకే పిల్లల చేతుల్లో ఉన్నావు.

ఏడాది చివర రిపోర్టులో "లబ్ధి పొందిన పిల్లల సంఖ్య" అని ఒక గడి ఉంటుంది. ఒక్క గంట వచ్చి ఫోటో దిగి వెళ్లిన పిల్లాడు ఒకటి. రెండేళ్లుగా ఏ శనివారమూ మానని ఆ అమ్మాయీ ఒకటే. ఎవరు ఎన్ని తప్పులు సొంతంగా పట్టుకున్నారో రాయడానికి గడి లేదు, ఉంటే నీ పేరు కూడా రాయాల్సొచ్చేది.

ఇక తల్లిదండ్రులు. ప్రాజెక్టుల రోజున తండ్రి గ్లూ గన్ పట్టుకుని చెమటలు కక్కుతుంటాడు, కొడుకు తండ్రి ఫోన్ పట్టుకుని పక్కన నిలబడతాడు. నవ్వొచ్చింది. తర్వాత మొన్నటి ఫోటో గుర్తొచ్చి ఆపేశాను.

ప్రదర్శన అయ్యాక కోపంకొద్దీ నిన్ను కత్తిరించి పారేద్దామని కత్తెర తీశాను. ఆ అమ్మాయి లాక్కుంది. నీ ఒక కొస దగ్గర మార్కరుతో చిన్న చుక్క పెట్టింది, వెతికితే తప్ప కనపడనంత చిన్నది. మళ్లీ డబ్బాలో వేసింది. ఈ నెల కొత్తగా చేరిన పిల్లలకి తనే నేర్పుతోంది. వాళ్ల బండ్లలో ఒకదాంట్లో నిన్ను చెప్పకుండా పెడుతుందట. "వాళ్లే కనుక్కోవాలి సార్" అంది. ఏ బండిలోనో నాకు కూడా చెప్పదట, చెబితే నేను ఆగలేనట.

కాబట్టి మనవి ఒక్కటే. శనివారం ఏ బండిలో ఉన్నా, తెగిన తీగ అతికినట్టు నటించి మధ్యలో మనసు మార్చుకోకు. పాడయ్యేదేదో నేను పక్క గదిలో ఉన్నప్పుడు పాడైపో.

ఇట్లు,
చేతులు జేబుల్లో పెట్టుకోవడం ప్రాక్టీసు చేస్తున్న
నీ వాలంటీరు