ఒకే జిల్లా, ఒకే ఊరు, ఒకే ఛాన్సు

ఆంధ్రా సరిహద్దుని ఆనుకుని ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగిళ్ళల్లో పిల్లాడు పుట్టగానే పేరు పెడతారు, మూడో తరగతికి రాగానే ఊరు పెడతారు. ఈ రెండో నామకరణానికి పంతులుగారు అక్కర్లేదు గానీ నిష్ఠ మాత్రం చాలా కావాలి. జిల్లాకొకటి ఉన్న జవహర్ నవోదయ విద్యాలయమనే కేంద్ర ప్రభుత్వ హాస్టలు బడిలో, ప్రవేశ పరీక్ష రాసి చేరే ఆరో తరగతికి 80 సీట్లనుకుంటే, అందులో కనీసం 75 శాతం, అంటే 60, పల్లెటూరి పిల్లలవి. పల్లెటూరి పిల్లాడంటే పొలంగట్టు మీద ఆడుకున్నవాడని పొరబడకండి. మూడు, నాలుగు, అయిదు తరగతులు పూర్తిగా పల్లెబడిలో చదివినవాడు. ఆ మూడేళ్ళలో ఒక్కరోజు పట్నం బడిలో కూర్చున్నా గుంటడు పట్నవాసం మనిషైపోతాడు. మడిబట్ట కట్టుకున్న మామ్మగారికి కూడా ఇంత పట్టింపు ఉండదు.

అందుచేత మున్సిపాలిటీ లోపల మేడ కట్టుకున్న తండ్రి, కొడుకుని తీసుకెళ్ళి గోసాని బ్లాకులో ఏదో పల్లెబడిలో వేస్తాడు. పొద్దున్న తొమ్మిదింటికి పల్లె పిల్లలు ఆటోలో కుక్కుకుని పట్నం కాన్వెంటుకి వస్తుంటారు. పట్నం పిల్లలు ఇంకో ఆటోలో పల్లెబడికి పోతుంటారు. దారి మధ్యలో రెండు ఆటోలూ ఒకదానికొకటి హారన్ కొట్టుకుంటాయి. గ్రామీణ విద్య ఇంత ఊపందుకున్న సందర్భం చరిత్రలో ఇంకోటి లేదు.

ఊరి సంగతి ఇలా తేలిపోతుంది. జిల్లా సంగతే తేలదు. అయిదో తరగతి చదువుతున్న జిల్లా, కాపురం ఉంటున్న జిల్లా ఒకటే అయ్యుండాలి, ఆ జిల్లా నవోదయకే దరఖాస్తు పెట్టాలి. ఈ రూలు రాసినవారు మా మహేంద్రతనయ ఏటి ఒడ్డుకి ఎప్పుడూ వచ్చి ఉండరు. ఇక్కడ ఇల్లు గజపతి జిల్లా, అమ్మమ్మగారిల్లు శ్రీకాకుళం జిల్లా. పిల్లాడికి నాలుగు తెలుగు ముక్కలు రావాలని పాతపట్నం బడిలో వేశారనుకోండి. చదువు అక్కడ కాబట్టి గజపతి జిల్లా వాణ్ణి రానివ్వదు, పడక ఇక్కడ కాబట్టి శ్రీకాకుళం రానివ్వదు. మెలకువగా ఉన్నంతసేపూ ఆంధ్రా, నిద్రలోకి జారగానే ఒడిశా. త్రిశంకుడికి కనీసం సొంతంగా ఓ స్వర్గం కట్టించి ఇచ్చారు.

నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో చిన్నరైలు వేశారు. తర్వాత అది గుణుపూరు దాకా పెరిగింది, ఇప్పుడు పెద్ద లైనైంది. ఇన్నేళ్ళలో ఆ రైలుని ఆపి నీది ఏ జిల్లా అని అడిగినవాడు లేడు. 1936లో ఈ ఊరిని ఒడిశాలో కలిపేశాక గిడుగు రామమూర్తి పంతులుగారు ఇల్లూ వాకిలీ వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇంట్లో అయిదో తరగతి మనవడు, వాడికో నవోదయ దరఖాస్తు ఉండి ఉంటే అంత తేలిగ్గా కదిలేవారా అన్నది చరిత్రకారులు తేల్చాల్సిన విషయం.

దరఖాస్తుకి డబ్బులక్కర్లేదు. అందువల్లే ఇంత ఖర్చు. హెడ్మాస్టారు సంతకం పెట్టి ముద్ర వేసిన సర్టిఫికెట్టు, పిల్లాడి ఫోటో, పిల్లాడి సంతకం, తల్లిదో తండ్రిదో సంతకం నెట్‌లో ఎక్కించాలి. ఒక్కో బొమ్మా 10 కేబీకి తగ్గకూడదు, 100 కేబీకి మించకూడదు. సర్టిఫికెట్టుని వాట్సాప్‌లో నలుగురి చేతులు తిప్పి నెట్ సెంటర్‌కి పంపితే ముద్ర అలుక్కుపోయి రథయాత్ర గుంపులో తీసిన ఫోటోలా తయారవుతుంది. కాగితం పట్టుకెళ్ళి అక్కడే స్కాన్ చేయించడం మంచిది. పిల్లాడి సంతకం ఇంకో ముచ్చట. పదేళ్ళవాడికి సంతకం ఎక్కణ్ణించి వస్తుంది? తండ్రి వారం రోజులు కూర్చోబెట్టి నేర్పిస్తాడు. చివరికి వాడు తండ్రి సంతకమే పెట్టి వస్తాడు.

పరీక్ష ఏ భాషలో రాస్తావని అడిగే గడి దగ్గర అసలు ప్రమాదం పొంచి ఉంటుంది. పిల్లాడు చదివేది ఒడియా బడి, మాట్లాడేది తెలుగు. తండ్రి మాత్రం పరువుగా ఉంటుందని ఇంగ్లీషు మీద టిక్కు కొడతాడు. రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. బొమ్మలు చూసి బుర్ర పెట్టి తేల్చేవి 40 ప్రశ్నలు, లెక్కలు 20, భాష 20. ఒక్కో ప్రశ్నకి ఒకటింపావు మార్కు. బొమ్మల భాగంలో ఆ టిక్కు వల్ల నష్టం లేదు, త్రిభుజానికి మాతృభాష ఉండదు కనక. భాష భాగంలో నాలుగు పేరాలిచ్చి ఒక్కోదానికి అయిదేసి ప్రశ్నలు అడుగుతారు. తండ్రి పరువు అక్కడ కొడుకు ఎదురుగా వచ్చి కూర్చుంటుంది. బొమ్మల్లో ఇరగదీశాడు కాబట్టి సర్దుకుపోతుందనీ లేదు, ప్రతి భాగంలోనూ విడిగా గట్టెక్కాలి. గడువు ముగిశాక దిద్దుబాటుకి కొద్ది రోజులిస్తారు. అప్పుడు మార్చుకోగలిగిన వాటిలో పరీక్ష భాష ఒకటి. పరువు తేరుకోవడానికి ఆ కాస్త వ్యవధి చాలు.

బొమ్మల భాగానికి మూడో తరగతి నుంచే కోచింగు. పల్లెటూరి పిల్లలకి కోచింగు లేకపోయినా అన్యాయం జరక్కూడదని, మాటలతో పని లేకుండా బొమ్మలు పెట్టారట. మా వైపు జనం ఆ ఉద్దేశాన్ని గౌరవించి, బొమ్మలకే కోచింగు పెట్టారు. పది రకాలు, రకానికి నాలుగు ప్రశ్నలు. అద్దం బొమ్మ అడిగితే కుడి ఎడమలు మాత్రమే మారతాయి, కింద మీదా మారవు. పిల్లాడు ఉత్సాహం పట్టలేక రెండూ తిప్పేస్తాడు. కాగితం మడిచి చిల్లు పెట్టే ప్రశ్న ఇంకా రుచిగా ఉంటుంది. నాలుగు పొరలు వచ్చేలా రెండు మడతలు వేసి ఒక చిల్లు పొడిస్తే, విప్పాక నాలుగు. ఎక్కడెక్కడ వస్తాయో తెలియాలంటే ఆఖరున వేసిన మడత ముందు విప్పాలి. పిల్లలు మొదటి మడత నుంచి మొదలెట్టి తప్పుతారు. నెలకింతని ఫీజు తీసుకుని దీన్ని బోర్డు మీద గీతలు గీసి చెబుతారు. వాళ్ళమ్మ చీర మడత విప్పి ఆరేస్తుంటే పక్కన నిలబడ్డ పిల్లాడికి చెప్పక్కర్లేదు, కానీ వాడు ఆ టైముకి కోచింగులో ఉంటాడు.

లెక్కల్లో ఈ సరిహద్దు పిల్లలకి ఓ చిక్కుంది. ఒడియా బడిలో అంకెలు ఒడియావి. ఒడియా నాలుగు పైన నోరు తెరిచిన ఎనిమిదిలా ఉంటుంది. చిత్తులెక్క ఒడియా అంకెల్లో చేసి, జవాబు ఇంగ్లీషు అంకెల్లో వెతికే పిల్లాడు నలభై నాలుగుని ఎనభై ఎనిమిది చేస్తాడు. అది కూడా నాలుగు జవాబుల్లో ఒకటిగా ఉండి తీరుతుంది. పరీక్షకి రెండు నెలల ముందు నుంచే చిత్తు కూడా ఒకే అంకెల్లో వేయించడం తప్ప మార్గం లేదు.

ఓఎమ్మార్ షీటు మీద నీలం లేదా నలుపు బాల్‌పెన్నే వాడాలి. పెన్సిలు పనికిరాదు, దిద్దడానికి లేదు. తప్పు జవాబుకి మార్కులు కొయ్యరు కాబట్టి ఏ గడీ ఖాళీగా వదలకూడదు. ఒక ప్రశ్న వదిలేసి దాని గడిలో తర్వాతి జవాబు దిద్దాడా, అక్కణ్ణించి చివరిదాకా ఒకరి పెళ్ళిలో ఇంకొకరి బాజా. బొమ్మల్లో రకానికి నాలుగు ప్రశ్నలే కనక ప్రతి నాలుగింటికీ ఒకసారి నంబరు సరిచూసుకుంటే చాలు, జారినా దొరికిపోతుంది.

ఇంత చేసినా రాసేది జీవితంలో ఒక్కసారే. ఆరో తరగతి పరీక్షకి రెండోసారి కూర్చోనివ్వరు. ఆ పూట జ్వరం వస్తే కథ కంచికి, పిల్లాడు బ్లాకు ఆదర్శ విద్యాలయ పరీక్షకి. సీటొచ్చిన వాడికి మాత్రం తిండి, బస, బట్టలు, పుస్తకాలు అన్నీ ఉచితం. పదో తరగతి తర్వాత ఇంకో పరీక్ష నెగ్గితే, 2007లో మొదలైన దక్షణ సంస్థ కొన్ని నవోదయల్లో జేఈఈ, నీట్‌కి రెండేళ్ళు ఉచితంగా తర్ఫీదిస్తుంది. దీన్ని గురించి ఎక్కువ వివరాలు కావాల్సినవారు మూడో తరగతి పిల్లల తండ్రుల్ని సంప్రదించవచ్చు.

మధ్యలో తొమ్మిదో తరగతి వస్తుంది. దేశ సమైక్యత కోసం ఆ తరగతిలో 30 శాతం పిల్లల్ని ఏడాదిపాటు హిందీ రాష్ట్రాల నవోదయలకి పంపి, అక్కడి పిల్లల్ని ఇక్కడికి తెస్తారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకంలో ఇంగ్లీషుతో పొద్దున్న పళ్ళు తోముకునేలోపే దేశాన్ని సమైక్యం చేసేసే గుంటడికి ఈ అదనపు శిక్షణ దేనికని వాళ్ళ అమ్మమ్మకి సందేహం. వంతెన దాటి పాతపట్నంలో చదివితే సీటు పోతుందన్న తండ్రి, ఇప్పుడు రెండు రోజుల రైలు ప్రయాణానికి ట్రంకుపెట్టె మీద తాళం వేస్తున్నాడు. పంపేదేదో ఆంధ్రాలో వెన్నెలవలస నవోదయకి పంపితే ఆదివారాలు తనే పులిహోర పట్టుకెళ్తానందావిడ. అది కుదరదని చెప్పారు. అక్కడ పిల్లాడికి భాష వచ్చు.