నేను థాంక్యూ చెప్తే పెళ్లి ఆగిపోబోయింది

రువాండా రాజధాని కిగాలీకి ఉద్యోగానికొచ్చి ఏడాది కాలేదు, మా ఆఫీసులో పక్క సీటు కుర్రాడు తన గుసాబాకి రమ్మన్నాడు. గుసాబా అంటే పిల్లనడగడం అన్నమాట, చర్చి పెళ్లి వేరే, గవర్నమెంటు రిజిస్ట్రేషన్ వేరే, అసలు సందడంతా దీన్లోనే. మగపెళ్లివారి మనిషిని కదా అని నాకూ ఒక ఉమ్వితెరో ఇచ్చారు, మన కండువాకి పెద్దన్నయ్య లాంటిది, భుజం మీద ముడేస్తారు, చేతికో కర్ర. అద్దంలో సగం మోతుబరి, సగం గొర్రెల కాపరి లాగా ఉన్నా.

రెండు టెంట్లు ఎదురెదురుగా వేశారు. అటో పెద్దాయన, ఇటో పెద్దాయన మైకులు పట్టుకుని మాట్లాడుకుంటారు, పెళ్లికొడుకు నోరెత్తడు, పెళ్లికూతురైతే అప్పటికింకా బయటికే రాదు. పక్కన కూర్చున్న ఆవిడ తన ముషనానా, అంటే వాళ్ల చీర లాంటిది, సర్దుకుంటూ నాకు ఇంగ్లీషులో చెప్తోంది. ఉన్నట్టుండి అటువైపు పెద్దాయన మొహం సీరియస్‌గా పెట్టాడు. "మీరడిగిన పిల్లకి వేరేవాళ్లతో మాటయిపోయింది అంటున్నాడు" అని చెప్పి, ఫోనొస్తే లేచెళ్లిపోయింది మహాతల్లి.

నాది తెనాలి. రెండోసారి చారు వెయ్యలేదని మగపెళ్లివారు అలిగి బస్సెక్కి కూర్చుంటే దింపడానికి వెళ్లిన బ్యాచ్‌లో నేనూ ఉన్నా. ఇంత దూరం వచ్చిన సంబంధం కళ్లముందే చెడిపోతుంటే ఊరుకోగలనా, లేచి రెండు టెంట్ల మధ్యకీ వెళ్లి చేతులు జోడించా. వాళ్ల భాషలో నాకొచ్చినవి రెండే ముక్కలు, మురాహో అంటే నమస్కారం, మురాకోజే అంటే థాంక్యూ. నమస్కారాల టైమ్ ఎప్పుడో దాటిపోయింది కాబట్టి రెండోది గట్టిగా అనేశా.

అంటే, పిల్లనివ్వం అన్నాయనకి మగపెళ్లివారి మనిషి లేచి దణ్ణం పెట్టి మరీ థాంక్యూ చెప్పాడు.

రెండు క్షణాలు ఎవరూ ఊపిరి తీసుకోలేదు. ఆయన మైకులో ఏదో అన్నాడు, రెండు టెంట్లూ విరగబడి నవ్వాయి. "వాళ్లే ఒప్పేసుకున్నారు, ఇంక భోంచేసి వెళ్లమనండి" అన్నాట్ట. ఇదంతా నాటకమట, వాళ్లు ఇవ్వం అనాలి, వీళ్లు మాటకారితనంతో గెలవాలి, చివరికి ఏమవుతుందో అక్కడ నాకు తప్ప అందరికీ తెలుసు. నవ్వాపుకోలేక మా పెద్దాయన కౌంటర్ మర్చిపోయాడు, పైగా నా నోటికి జరిమానా రెండు కేసుల బీరు.

తర్వాత కట్నం మాట. కట్నం ఇక్కడ రివర్సు, అబ్బాయి వాళ్లే ఆవుల్నివ్వాలి, ఇచ్చే ఆవు మీద ఒకాయన గుక్క తిప్పుకోకుండా పొగడ్తల కవిత్వం చదువుతాడు (నా గురించి ఇంట్లో ఎవరూ అందులో పదోవంతు కూడా అనలేదు). అప్పుడు డప్పులు మోగాయి, ఇంతోరే కుర్రాళ్లు దిగారు. 2024లో యునెస్కో లిస్టుకెక్కిన డాన్సు ఇదే. తల మీద జూలు లాంటి నార టోపీలు, కాళ్లకి గజ్జెలు, ఒక్కసారి తల విదిలిస్తే జూలు గాల్లో గుండ్రంగా తిరుగుతుంది. వెనకే ఆడపిల్లలు, పొడుగు కొమ్ముల ఇన్యాంబో ఆవుల్లాగా రెండు చేతులూ పైకి చాపి, అడుగు నేలకి నొప్పెడుతుందేమో అన్నంత మెత్తగా. నన్నూ లాగారు. నేనూ కొమ్ములు ఎత్తా. ముడి ఊడింది.

కింద పడ్డ ఉమ్వితెరో ఒక ముసలావిడ తీసి, స్కూలుకెళ్లే పిల్లాడికి కట్టినట్టు మళ్లీ ముడేసింది.

వచ్చే నెల మావాడి తమ్ముడి గుసాబా. నన్నూ పిలిచారు. ఈసారి ఆడపెళ్లివారి టెంట్‌లో కూర్చోమన్నారు.