సైజు గారికి విన్నవించుకునేది ఏమనగా

మహారాజశ్రీ జియోకాషింగ్ పేజీలోని సైజు గడి గారికి,

నమస్కరించి రాయునది. ఇక్కడ మేము క్షేమం. తమరి క్షేమం వేరే అడగక్కర్లేదు. మిమ్మల్ని కొలిచి చూసేవాడు లేడు, నిలదీసేవాడు అంతకన్నా లేడు.

ముందుగా, ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. జియోకాషింగ్ అంటే, ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి ఆ చోటు అక్షాంశాలు, రేఖాంశాలు నెట్‌లో పెడతారు. ఇంకొకరు జీపీఎస్ పట్టుకుని వెళ్లి వెతికి, లోపలున్న కాగితం మీద సంతకం చేసి, డబ్బాను ఎక్కడిదక్కడ పెట్టి వస్తారు. ఆ దాచిన డబ్బా పేరు క్యాష్. తెలుగులో రాస్తే నోట్ల కట్టలు గుర్తొస్తాయి గానీ, దొరికేది డబ్బు కాదు, డబ్బా. అది ఎంత డబ్బానో ముందుగా చెప్పే బాధ్యత తమరిది.

మీ లెక్క చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. 100 మిల్లీలీటర్ల లోపు పట్టేది మైక్రో. 100 మిల్లీ నుంచి లీటరు దాకా స్మాల్. లీటరు నుంచి 20 లీటర్ల దాకా రెగ్యులర్. ఆపైన లార్జ్. ఎటూ తేలనివాటికి అదర్. గీతలు ఇంత చక్కగా గీసుకున్నారు సరే, ఆ గీతల మధ్య ఎవరెవరు కాపురం ఉంటున్నారో ఎప్పుడైనా తొంగిచూశారా?

మైక్రోనే తీసుకోండి. పాతకాలం ఫిల్మ్ రోలు వచ్చే డబ్బీ, ముప్ఫై మిల్లీలీటర్లకు కాస్త అటూఇటూ పట్టేది, మైక్రో. వేలెడంత బైసన్ ట్యూబు, అదే మర మూత ఉండే లోహపు గొట్టం, అదీ మైక్రోనే. పెన్సిల్ వెనకుండే రబ్బరంత అయస్కాంతపు బుడిపె ఒకటుంటుంది. అదీ మైక్రోనే. పది మిల్లీ కూడా పట్టనివాటిని మేమందరం నానో అనుకుంటాం. మీ పట్టికలో మాత్రం దానికి వేరే గది ఇవ్వలేదు. మర్రిచెట్టునీ మిరప మొక్కనీ ఒకే గాటన కట్టేసి, పైగా వివరాలకు వర్ణన చదువుకోండి అంటారు. వర్ణన తెరిస్తే డబ్బా దాచిన ఓనరు గారు రాసింది ఒక్క ముక్క: ‘కళ్లముందే ఉంది’.

ఉందండీ, నిజంగానే కళ్లముందే ఉంది. ఇనుప రెయిలింగ్ మీద, బోల్టుల వరసలో తానూ ఒక బోల్టులాగా. ఫోను చూపించే చోటు అయిదు మీటర్లు అటో ఇటో తేడా ఉంటుంది కదా, ఆ రెయిలింగ్ పొడుగునా ప్రతి బోల్టునూ గోటితో గిల్లుకుంటూ పోయాను. దారినపోయే పెద్దాయన ఆగి, ‘ఏం పోయింది బాబూ?’ అన్నారు. ఈ ఆట సంగతి తెలియనివాళ్లను మేం మగుల్స్ అంటాం. వాళ్ల ముందు బయటపడకూడదు. ఉంగరం అన్నాను. పాపం, ఆయన కూడా కూర్చుని వెతకడం మొదలుపెట్టారు. ఉంగరం దొరకలేదని ఆయన బాధపడుతూ వెళ్లిపోయాక, నలభయ్యో బోల్టో ఎంతో, తిరిగింది.

అసలు కథ అక్కడ మొదలు. మూత విప్పగానే లోపల చుట్టలా ఉన్న కాగితం ముక్క స్ప్రింగులా లేచి గాల్లోకి ఎగిరింది. పట్టుకున్నాను. అర అంగుళం కూడా లేని వెడల్పు. అందులో పేరు కాదు కదా, పేరులో మొదటి రెండు అక్షరాలు కూడా ముక్కుతూ మూలుగుతూ కూర్చున్నాయి. సంతకం పడితేనే దొరికినట్టు లెక్క, కాబట్టి తప్పదు. ఆ తర్వాత దాన్ని మళ్లీ చుట్టాలి. వదులుగా చుడితే మూతలో పట్టదు. బిగించి చుడితే చివర నలిగి విచ్చుకుంటుంది. మూడోసారి గోళ్లతో అదిమి పెట్టి మూత బిగిస్తే, కాగితం అంచు మరలో ఇరుక్కుంది. ఇంత తతంగానికీ మీరు పెట్టిన పేరూ, హాయిగా వేలితో తీసి సంతకం చేసే ఫిల్మ్ డబ్బీకి పెట్టిన పేరూ ఒకటే. ఇదేం న్యాయం?

ఇక రెగ్యులర్. ఈ మాట మీ నోట వినగానే షూ డబ్బా అంత ఒకటి కళ్లలో మెదులుతుంది. లీటరు పట్టే టిఫిన్ బాక్సూ అదే, మిలిటరీ తూటాల ఇనుప పెట్టె కూడా అదే. ఆమాటకొస్తే ఈ ఆటకు మూలపురుషుడి గతి కూడా అదే. అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్‌కు కావాలని కలిపే తప్పును 2000 మే మొదట్లో ఆపేసింది. అంతకుముందు దాదాపు వంద మీటర్ల దాకా తేడా చూపించే పరికరం ఒక్కసారిగా దారిలోకొచ్చింది. వెంటనే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒరెగాన్‌లోని బీవర్‌క్రీక్ దగ్గర అయిదు గ్యాలన్ల బకెట్టు ఒకటి దాచారు. పుస్తకాలూ, కొంత డబ్బూ, ఒక ఉండేలూ, చిక్కుడు గింజల డబ్బా కూడా పెట్టారట అందులో. నిజంగా క్యాష్ ఉన్న క్యాష్ అన్నమాట. అమెరికా గ్యాలను 3.785 లీటర్లు. అయిదు గ్యాలన్లంటే 18.9. తమరి గీత 20 దగ్గర. అంటే ఈ ఆటకు ఆదిపురుషుడైన బకెట్టు మీ దర్బారుకొస్తే లార్జ్ కుర్చీ ఇవ్వరు! లీటరు టిఫిన్ బాక్సు పక్కన రెగ్యులర్ బెంచీ మీద సర్దుకోమంటారు. ఇంకొక్క లీటరున్నర పట్టి ఉంటే పాపం గౌరవం దక్కేది.

స్మాల్ మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. అది చెప్పినట్టే ఉంటుంది. మంచివాళ్ల గురించి ఉత్తరాలు ఎవరు రాస్తారు లెండి.

అదర్ దగ్గరికొద్దాం. గోడ మీద పిల్లి. లోపల గుల్ల చేసిన బోల్టూ, అయస్కాంతపు రేకూ, ఏ కొలతకూ లొంగనివన్నీ అక్కడే. అది నేను ఒప్పుకుంటాను. ఒప్పుకోలేనిది, అదర్ అనాల్సిన చోట రెగ్యులర్ అనడం. ఒకసారి పిట్టగూడు ఆకారంలో చెక్కపెట్టె దొరికింది. పేజీలో రెగ్యులర్. జేబులో ట్రావెల్ బగ్ ఒకటి ఉంది. ఊరూరా తిప్పమని ఎవరో వదిలిన నంబరు బిళ్ల, దానికి వేలాడే బొమ్మతో సహా. పెద్ద డబ్బాలో పెడదామని వారం రోజులుగా మోస్తున్నాను. చెక్క తలుపు తీశాను. లోపల ఫిల్మ్ డబ్బీ. డబ్బీలో కాగితం. బగ్‌ని ఎలా తిప్పినా ఆ డబ్బీలో పట్టదు, చెక్కపెట్టెకేమో పైన కన్నం, వాన పడితే నేరుగా లోపలికే. మళ్లీ జేబులో వేసుకుని వచ్చేశాను. వాపు చూసి బలుపనుకోవడం అంటే ఏమిటో మీరు నాకు బాగా నేర్పారు. ఇంతకీ మీరు కొలిచేది పెట్టెనా, డబ్బీనా? సంతకం కాగితం ఏది మోస్తే అదే క్యాష్ అని నా వాదన. పెట్టె కట్టడానికి మూడు ఆదివారాలు పట్టింది కాబట్టి అదే క్యాష్ అని ఓనరు వాదన. మీరు మాత్రం ఎవరు ఏది నొక్కితే అదేనంటూ తలూపుతారు.

నన్ను తొలిచేసేది ఇంకొకటుంది. మీ పక్క గడుల్లో కష్టం, దారి అని ఇద్దరుంటారు. డబ్బా పట్టుకోవడం ఎంత కష్టమో, అక్కడికి చేరడం ఎంత కష్టమో చెప్తారు. రెండూ మనిషి మనిషికీ మారే సంగతులే. నాకు కొండ అయింది మీకు మెట్టు. వాళ్లకేమో 1 నుంచి 5 దాకా, మధ్యలో అరలతో సహా, తూచినట్టు మార్కులు. నీళ్లు పోసి రెండు నిమిషాల్లో తేల్చగలిగిన సంగతి మీ ఒక్కరిదే. మిమ్మల్నేమో కంటిచూపుతో కానిచ్చేస్తారు. పేజీని పరిశీలించి పాస్ చేసే రివ్యూయర్ కూడా డబ్బాను చూడరు. ఓనరు నొక్కిందే సైజు.

ఆ ఓనరు ఎవరో చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. రాయడం మొదలెట్టాక దాపరికమెందుకు. పోయిన నెల నేనూ ఒక డబ్బా దాచాను. పద్ధతిగా కొలుద్దామని వంటింటి సింకు దగ్గర నిలబడి, పావు లీటరు గీత ఉన్న జగ్గుతో నీళ్లు పోశాను. మూడు జగ్గులు హాయిగా పట్టాయి. నాలుగోది సన్నటి ధారగా పోస్తుంటే, కొద్దిగా మిగిలుండగానే అంచు దాటింది. జగ్గులో మిగిలింది 20 మిల్లీ. అంటే డబ్బా 980. మూత లోపలికి దిగే రకం, అది పెట్టేసరికి ఇంకొంచెం పొర్లిపోయింది, దాన్ని చూడనట్టు ఊరుకున్నాను. నాలుగు చెంచాల నీళ్ల కోసం స్మాల్ అనిపించుకోవడమా? రెగ్యులర్ నొక్కాను. మీరు కిమ్మనలేదు.

రెండో రోజే ఎఫ్‌టీఎఫ్ (ఫస్ట్ టు ఫైండ్) పడింది. మొదటగా కనిపెట్టిన మహానుభావుడు లాగ్‌లో ఇలా రాశాడు: ‘చిన్న డబ్బా అయినా చక్కగా దాచారు, థాంక్స్.’

సైజు మార్చే వీలు ఓనరుకుంటుంది. ఆ పేజీ తెరిచే ఉంచాను. ఇంకా నొక్కలేదు.

ఇట్లు,
తమరి విధేయుడు,
ఒక రెగ్యులర్ డబ్బా ఓనరు