బాంబు టైమర్ గారికి

మహారాజశ్రీ గూఢచారి సినిమాల బాంబు టైమర్ గారికి,

విజయవాడ నుంచి ఒక ప్రేక్షకుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ క్షేమం ప్రత్యేకంగా అడగక్కర్లేదు లెండి. ఎన్నో భాగమైనా సరే, మీకు గానీ మిమ్మల్ని ఆపే హీరోగారికి గానీ ఏమీ కాదని ఊరందరికీ తెలుసు.

మొన్న గాంధీనగర్‌లో మీ కొత్త సినిమా చూశాను. మీరు ఎర్రగా వెలిగి, 60 నుంచి కిందికి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. వెనక మ్యూజిక్ చెవులు పగలగొడుతోంది. నా పక్కసీటాయన మాత్రం అప్పుడే కాలితో చెప్పులు వెతుక్కుంటున్నాడు, పార్కింగ్‌లో రద్దీ కాకముందే బండి తీయాలట. ముందు వరుసలో ఒకడు "నీలం వైరు" అన్నాడు. ఇంకొకడు "కాదెహె, ఎర్రది" అన్నాడు. సమోసా పందెం. హాలు మొత్తానికి ఉన్న టెన్షన్ అదొక్కటే.

అయినా మీ సెకన్లు ఎక్కడి సెకన్లండీ? 10 నుంచి 9కి వచ్చేలోగా హీరోగారు ఇద్దర్ని తన్ని, అలిగిన భార్యకు ఫోన్లో సారీ చెప్పి, ఒక జోకు కూడా వేశారు. బెంజి సర్కిల్లో ఎర్ర లైటు దగ్గర నిలబడితే ఇంతకన్నా గుండె దడగా ఉంటుంది.

మీ వంశం చిన్నదేం కాదు. 1964లో వచ్చిన జేమ్స్ బాండ్ సినిమా 'గోల్డ్‌ఫింగర్'లో మీ పెద్దాయన సరిగ్గా బాండ్ కోడ్ నంబరైన 007 దగ్గర ఆగాడు. ఆ ముచ్చట అప్పటికి కొత్త. పైగా ఏ వైరు పీకాలో తెలియక బాండ్ తంటాలు పడుతుంటే, ఇంకొకాయన వచ్చి చల్లగా స్విచ్ కట్టేశాడు. హీరోకి పని రాకపోవడం, అదీ రుచి! ఇప్పటి హీరోలకు రాని పని ఒక్కటి చూపించండి.

మీ వాళ్ళలో మాట నిలబెట్టుకున్నవాడూ లేకపోలేదు. 1936లో హిచ్‌కాక్ తీసిన 'సబొటాజ్'లో చేతిలో ఉన్నది బాంబని తెలియని కుర్రాడు దాంతో లండన్ బస్సెక్కుతాడు. అది పేలుతుంది, కుర్రాడు పోతాడు. అలా చంపడం పొరపాటని తర్వాత హిచ్‌కాకే అన్నాడు. మీ నిర్మాతలు ఆయన చెప్పినవాటిలో ఆ ఒక్క ముక్కే పట్టుకున్నట్టున్నారు. బల్ల కింద బాంబుందని మనకు తెలిసి, బల్ల దగ్గర కబుర్లాడేవాళ్ళకు తెలియకపోతే ఉత్కంఠ పుడుతుందనీ ఆయనే చెప్పాడు. మీ సినిమాలో అందరికీ అన్నీ తెలుసు. బాంబుందని హీరోకి తెలుసు, పేలదని మాకు తెలుసు. విలన్‌కి కూడా తెలుసేమో, చివర్లో పెద్దగా బాధపడినట్టు కనిపించలేదు.

తప్పు మీదని అనను. వచ్చే రెండు భాగాలకూ హీరోగారి డేట్లు తీసేసుకున్నాక మీరు మాత్రం ఎలా పేలుతారు? పోయిన భాగంలో లోయలో పడి చచ్చిన స్నేహితుడే ఈసారి గడ్డం పెంచుకుని తిరిగొచ్చాడు. అక్కడ చావుకే విలువ లేదు, ఇక మీకేం ఉంటుంది?

ఒక్క మనవి. పేలమని అడగను. ఈసారి ఒకటి దగ్గర కాకుండా ఏ 23 దగ్గరో ఊరికే ఆగిపోండి. ఎవరూ ముట్టుకోకుండానే. చెడిపోయిందా, మళ్ళీ మొదలవుతుందా అని కాసేపైనా సీట్లో ముందుకు జరిగి కూర్చుంటాం.

ఇట్లు,
బాల్కనీలో ఆవలించినవాడు

తా.క.: ఎర్ర వైరునూ నీలం వైరునూ అడిగినట్టు చెప్పండి.