ఎముక అతకడానికి అయస్కాంతం: బెల్టు వేరు, స్కాఫోల్డ్ వేరు

మా వరంగల్ వైపు బైక్ యాక్సిడెంట్లలో మోకాలి కింద బొక్క విరిగితే రాడ్ వేస్తారు, చాలామందికి కొన్ని నెలల్లో అతుకుతుంది. ఎముక నుజ్జయి మధ్యలో కొన్ని సెంటీమీటర్ల ముక్కే లేకుండా పోయినప్పుడు, లేదా ఇన్‌ఫెక్షన్ సోకి చెడిన భాగం తీసేయాల్సి వచ్చినప్పుడే అసలు కష్టం. తుంటి దగ్గర ఎముక కొంత తీసి అక్కడ పెడతారు, అంటే ఇంకో కోత, ఇంకో నొప్పి, పైగా అక్కడ దొరికే ఎముకా కొంతే.

ఆ ఖాళీ నింపడానికే స్కాఫోల్డ్. హైడ్రాక్సీఅపటైట్ (ఎముకలో ఉండే ఖనిజం), కొల్లాజెన్ (ఎముకలో ఉండే ప్రోటీన్) లాంటి వాటితో చేసిన, సన్నని రంధ్రాలున్న దిమ్మ. కణాలు అందులోకి పాకి కొత్త ఎముక కడుతుంటే అది మెల్లగా కరిగిపోవాలి. దానిలో నానో సైజు, అంటే కంటికి కనపడనంత చిన్న, ఐరన్ ఆక్సైడ్ రేణువులు కలిపితే మాగ్నెటిక్ స్కాఫోల్డ్. బయట అయస్కాంతం పెట్టినప్పుడు ఆ రేణువులు తమను అంటుకున్న కణాలను సన్నగా లాగుతాయి, తీసేస్తే ఊరుకుంటాయి. పడే బరువును బట్టి ఎముక తనను తాను మలుచుకుంటుందని జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే చెప్పాడు, మరి మంచం మీదున్న మనిషి కాలికి ఆ బరువు ఎక్కడినుంచి వస్తుంది? ఆ కదలికను లోపలినుంచే ఇవ్వొచ్చన్న ఆలోచన నాకు చాలా నచ్చింది.

ఇదంతా లోపల ఆ రేణువులున్నప్పుడే. అందుకే మోకాళ్ల నొప్పులకంటూ మాగ్నెట్ బెల్టులు అమ్మేవాళ్లు ఈ పరిశోధన పేరు చెబితే నమ్మొద్దు. బెల్టు కట్టిన కాలి లోపల ఆ రేణువులూ లేవు, ఆ దిమ్మా లేదు.

ఇక పరిశోధన సంగతి. ఇప్పటిదాకా వచ్చిన మంచి ఫలితాలు ఎక్కువగా ల్యాబ్‌లో పెంచిన కణాల్లో, ఎలుకల్లో, కుందేళ్లలో వచ్చినవే. అయస్కాంత బలం దూరం పెరిగేకొద్దీ చాలా త్వరగా పడిపోతుంది కాబట్టి, ఎలుక కాలికి చాలిన అయస్కాంతం మనిషి తొడ కండ దాటి ఎముకను చేరేసరికి దేనికీ చాలకపోవచ్చు. ఐరన్ ఎక్కువగా విడుదలైతే కణాలకే హాని. ఎంఆర్ఐ తీస్తే ఐరన్ ఉన్నచోట బొమ్మ నల్లబడుతుంది, చుట్టూ ఏం జరుగుతోందో డాక్టరుకు సరిగా కనపడదు.

వరంగల్‌లో ఇప్పుడు ఎన్ఐటీగా ఉన్న ఇంజనీరింగ్ కాలేజీ, కాకతీయ మెడికల్ కాలేజీ రెండూ 1959లోనే పుట్టాయి. ఆ ఇంజనీరింగ్ కాలేజీలో మెటీరియల్స్ (ఇలాంటి దిమ్మలు చేసే పదార్థాల శాస్త్రం) చదివే పిల్లలు ఆర్థో ఓపీలో కూర్చుని పేషెంట్లతో మాట్లాడితే మొదట తెలిసేది ఒకటే. ఏటూరునాగారం నుంచి వచ్చే మనిషి, కట్టుతో ఉన్న కాలితో, అయస్కాంతం పెట్టించుకోవడానికి రోజూ బస్సెక్కి రాలేడు. ఇంట్లో మామూలు కరెంటు మీద నడిచి, తొడ లోపలిదాకా పనిచేసే పరికరం కావాలి. దిమ్మతో పాటే దాని డిజైన్ కూడా మొదలుపెట్టాలి.