బూట్ల కథ ఒక్కటే చాలదు

మూడు, నాలుగేళ్లకే పిల్లలు ‘అలా జరగకుండా ఉంటే’ అని ఆలోచించగలరని కొందరు అంటారు. 1996లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ హారిస్ బృందం చేసిన ప్రయోగమే ఆధారమైతే, అది సరిపోదు. అందులో పిల్లలకు చెప్పిన కథ ఇది: కరోల్ అనే అమ్మాయి బురద బూట్లతో నడిచింది, నేల మురికైంది. బూట్లు విప్పి ఉంటే? ‘శుభ్రంగా ఉండేది’ అన్నారు పిల్లలు. జరిగింది పట్టించుకోకుండా, బురద లేకపోతే నేల శుభ్రమే అన్న మామూలు సూత్రంతోనూ ఈ జవాబు చెప్పేయొచ్చు కదా!

అందుకే రఫెట్సెడర్, పెర్నర్ అనే పరిశోధకులు కథలో మాక్స్ అనే అబ్బాయిని కూడా బురద బూట్లతో నడిపించారు. కరోల్ ఒక్కతే విప్పి ఉంటే నేల మురికిగానే ఉండేది. ఐదారేళ్ల పిల్లల్లో చాలామంది ఇక్కడ బోల్తా పడ్డారు. అలాగని వాళ్లకు చేతకాదని అనలేం. 2019లో నైహౌట్, గానియా అనే పరిశోధకులు కథ మానేసి, కొన్ని దిమ్మలు పెడితే వెలిగే పెట్టెను చూపిస్తే ‘అలా జరగకుండా ఉంటే’ ప్రశ్నలకు నాలుగైదేళ్ల వాళ్లూ బాగానే జవాబు చెప్పారు. నా లెక్కలో చిక్కంతా కథలోనే.

పిల్లల్ని ఈ ప్రశ్న తెలుగులో అడిగేవాళ్లకు ఒక మాట: ‘విప్పితే ఎలా ఉంటుంది?’ అనకండి, అది జరగబోయేదాని గురించి. ‘విప్పి ఉంటే ఎలా ఉండేది?’ అనాలి. ముందుగా ‘ఎవరెవరు నడిచారు, ఇప్పుడు నేల ఎలా ఉంది?’ అని అడగండి. ఇక్కడే తడబడితే అసలు ప్రశ్నకు వచ్చిన జవాబు లెక్కలోకి తీసుకోకూడదు.