నాలుగు, సున్నా, నాలుగు

(షికాగో శివారు నేపర్‌విల్‌లో ఒక రెండంతస్తుల ఇల్లు. పిల్లలు ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. భోజనాల బల్ల మీద పెరుగు గిన్నె, దాని పక్కన జానెడు మందాన, కొనాలనుకుంటున్న ఫ్లాటు తాలూకు కాగితాల కట్ట. రిటైరైన సివిల్ ఇంజనీరు సుబ్బారావు కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. నిన్నమొన్నటిదాకా అకౌంటెంటుగా చేసిన కామాక్షి ఆ కట్టలో సగానికి వచ్చింది.)

సుబ్బారావు: భారతమేం కాదే, అంత భక్తిగా చదవడానికి. రెండు బెడ్‌రూముల కాండో, షికాగో చైనాటౌన్‌లో. మెట్లు దిగితే కూరగాయలు, మలుపు తిరిగితే మందుల షాపు, ఐదు నిమిషాలు నడిస్తే రెడ్ లైన్ రైలు స్టేషను. కారు తాళాలు గిరాటెయ్యొచ్చు.

కామాక్షి: గిరాటేసేది మీరు, సోఫా కింద వెతికేది నేను.

సుబ్బారావు: చరిత్ర ఉన్న చోటే అది! మొదట్లో చైనావాళ్ళు ఊరి నడిబొడ్డు లూప్‌లో క్లార్క్ వీధి దగ్గర ఉండేవాళ్ళు. 1912లో సెర్మాక్, వెంట్‌వర్త్ వైపు మారారు. ఆ పుయ్ తాక్ భవనం చూశావుగా, 1928ది. గీసినవాళ్ళు మైకెల్సన్, రోగ్న్‌స్టాడ్. ఇద్దరిలో ఒక్కడూ చైనావాడు కాదు, అయినా ఆ టెర్రకోట, కాల్చిన మట్టి పలకల పని చూడు!

కామాక్షి: చూడ్డానికి టిక్కెట్ లేదుగా, రోజూ వెళ్ళి చూసొద్దాం. మనం కొనేది దాన్ని కాదు. దాని ఈడుదే ఇంకోటి, కింద హోటలూ పైన మూడంతస్తుల్లో ఇరవై నాలుగు ఫ్లాట్లూ ఉన్నది. దానికి టెర్రకోట లేదు, పగుళ్ళున్నాయి.

సుబ్బారావు: అది నా సబ్జెక్టు, నాకొదిలెయ్. కిటికీ మీద గోడ బరువు మోసే ఇనప కమ్మీ తుప్పు పడితే ఉబ్బుతుంది. ఉబ్బి, పైనున్న ఇటుకల్ని ఎత్తేస్తుంది. అందుకే కిటికీ మూలల నుంచి మెట్లు మెట్లుగా పగులు పాకుతుంది. కమ్మీ మారిస్తే సరి.

కామాక్షి: వెనక గోడ సందుల్లో తెల్లగా సిమెంటు పూశారే, అది సరేనా?

సుబ్బారావు: (గొంతు తగ్గించి) ...అది కొంచెం తప్పే. పాత ఇటుక మెత్తన. సున్నం వంతు ఎక్కువున్న గార పెట్టాలి. గట్టి సిమెంటు కూరితే లోపలికి చేరిన నీరు బయటికి రాలేదు. చలికాలం గడ్డకట్టి ఇటుక మొహాన్నే ఊడగొడుతుంది.

కామాక్షి: ఊడుతున్న మొహానికి మూడు లక్షల అరవై వేల డాలర్లు!

సుబ్బారావు: గోడ ఫ్లాట్ల యజమానుల అసోసియేషన్‌దే, మనది కాదు.

కామాక్షి: అసోసియేషనంటే ఎవరండీ? మేనమామా? మనమే! ఇదిగో వినండి. ఇల్లినాయ్ కాండో చట్టంలో 22.1 అని ఒక సెక్షనుంది. కొనేవాళ్ళు అడిగితే నిధి ఎంతుంది, ఈ ఏడూ వచ్చే రెండేళ్ళూ ఏమేం పెద్ద ఖర్చులు అనుకుంటున్నారు, కోర్టు కేసులున్నాయా, ఇన్సూరెన్సేమిటి, అన్నీ చూపించి తీరాలి. చూపించారు. రిజర్వులో ఇరవై రెండు వేలు. పైకప్పు మార్చడానికి అంచనా లక్షా ఎనభై వేలు.

సుబ్బారావు: అంటే లక్షా యాభై ఎనిమిది వేలు తక్కువ. ఇరవై నాలుగుతో భాగిస్తే...

కామాక్షి: భాగించకండి. తలా ఇంత అని ఉండదు. డిక్లరేషన్ అనే మూలపత్రంలో ఒక్కో ఫ్లాటుకీ వాటా శాతం రాసుంటుంది. మనది 4.2. అంటే ఆరువేల ఆరువందల ముప్పై ఆరు డాలర్లు. స్పెషల్ అసెస్‌మెంట్ అనే ముద్దుపేరు పెట్టి వసూలు చేస్తారు. ఇంటితో పాటు వచ్చే ఆడపడుచు కట్నం.

సుబ్బారావు: నెలకి నాలుగొందల పది కడతారుగా అందరూ, అదేమవుతోంది?

కామాక్షి: ఏడాదికి లక్షా పద్దెనిమిది వేలు వసూలు. అందులో పదో వంతైనా పక్కన పెట్టాలని లోను ఇచ్చేవాళ్ళు చాలాకాలంగా చూసే లెక్క. వీళ్ళు పెట్టేది నాలుగు వేలు. నెలసరి తక్కువని మురిసిపోయారే, తక్కువెందుకో ఇప్పుడు తెలిసిందా? ఇంకోటి. పదిహేను శాతం కంటే ఎక్కువ ఫ్లాట్లవాళ్ళు రెండు నెలలుగా బాకీ పడితే మామూలు లోను దొరకడం కష్టం. ఇరవై నాలుగింట్లో నలుగురు ఎగ్గొడితే చాలు. ముగ్గురు ఆల్రెడీ ఎగ్గొట్టారు.

సుబ్బారావు: నాలుగోవాళ్ళం మనం కాకపోతే సరి.

కామాక్షి: జోకా? హోటల్ సంగతి కూడా చూడాలి. భవనంలో వ్యాపార జాగా 35 శాతం దాటితే అక్కడా లోను ఇరుక్కుంటుంది. దాటలేదు, అదొక్కటే శుభం. కానీ నీళ్ళ మీటరు మొత్తానికి ఒక్కటే ఉందండీ. వాళ్ళు పొద్దస్తమానం బాతులు కడుగుతారు, బిల్లు మనం పంచుకుంటాం.

సుబ్బారావు: బాతుల వాసన బాగుంటుందే!

కామాక్షి: మధ్యాహ్నం పన్నెండింటికి బాగుంటుంది. రాత్రి పదకొండింటికి పొయ్యి మీది పొగగొట్టం మన కిటికీ పక్కనుంచి పైకెళ్తుంటే బాగుంటుందా? తెల్లారుజామున సందులో చెత్తలారీ డబ్బాలెత్తి కొడుతుంటే? ఆ వేళలకెళ్ళి నిలబడి చూశారా?

సుబ్బారావు: నేను వెళ్ళింది పొద్దున పదింటికి. పక్షులు కూస్తున్నాయి.

కామాక్షి: రెడ్ లైన్ కూత వినపడలేదా? అది రాత్రంతా నడిచే రైలు. పక్కనే హైవే.

సుబ్బారావు: దగ్గరుంటే చప్పుడంటావు, దూరముంటే దూరమంటావు. సరే, కూరల్లో ఏం లోటు చెప్పు. చైనా దుకాణంలో తోటకూర, బీరకాయ, సొరకాయ, చేమదుంపలు, బూడిద గుమ్మడికాయ, కాకరకాయ, అన్నీ ఉన్నాయి.

కామాక్షి: గోంగూర?

సుబ్బారావు: ...

కామాక్షి: ఇంగువ? కందిపప్పు? సోనా మసూరి?

సుబ్బారావు: అదే రెడ్ లైన్ ఎక్కి ఉత్తరానికి లొయోలా దాకా వెళ్ళి, 155 బస్సు పట్టుకుంటే డెవాన్ వీధే! దిగితే మనవాళ్ళ కొట్లే.

కామాక్షి: గంట పైన ప్రయాణం, పప్పు కోసం. అరోరా గుడికో?

సుబ్బారావు: యూనియన్ స్టేషన్‌లో రైలెక్కితే చివరి స్టేషను అరోరా. అక్కణ్ణించి ట్యాక్సీ. వెంకటేశ్వరుడి దగ్గరికి కాస్త కష్టపడే వెళ్ళాలి.

కామాక్షి: అందుకే కారు అమ్మనివ్వను. పార్కింగ్ ఉందన్నారుగా?

సుబ్బారావు: ఉందే! పీ-11.

కామాక్షి: ఉందా, అమ్ముతున్నారా, వాడుకోమంటున్నారా? మూడూ వేరు. కొన్నిచోట్ల పార్కింగ్‌కి విడి దస్తావేజు, విడి పిన్ (అంటే ఆస్తి గుర్తింపు నంబరు), విడి పన్ను బిల్లు. కాంట్రాక్టులో ఒక్క పిన్ను మాత్రమే రాశారు. ఆ కాగితం ప్రకారం మీరు కొంటున్నది ఇల్లే. కారు లేక్ మిషిగన్‌లో పెట్టుకోవాలి. చైనాటౌన్ ద్వారం మీద ఏదో రాసుందన్నారే?

సుబ్బారావు: చైనా నేత సన్ యట్-సెన్ మాట. లోకం అందరిదీ అని.

కామాక్షి: పీ-11 తప్ప.

సుబ్బారావు: లాయరు ఉన్నాడుగా. సంతకాలయ్యాక ఐదు పనిరోజులు అటార్నీ రివ్యూ, లాయరు కాంట్రాక్టు సరిచూసే గడువు. ఆ లోపల రాయించుకుంటాం. పన్ను మాత్రం చాలా తక్కువే, చూశాను.

కామాక్షి: (నవ్వి) అమ్మేదెవరు? ఎనభై దాటిన ముసలాయన. ఆయనకి సీనియర్ రాయితీలున్నాయి. చెయ్యి మారితే అవి పోతాయి. పైగా కుక్ కౌంటీలో ఈ ఏటి పన్ను వచ్చే ఏడు కడతాం. ఆయన ఉన్న రోజుల వాటా క్లోజింగ్ నాడు, ఇల్లు మన పేరున మారే రోజున, మనకి తగ్గించి ఇస్తారు. కానీ అది పాత బిల్లు మీద కట్టిన లెక్క. అసలు బిల్లు వచ్చేసరికి ఆయన చల్లగా కొడుకు దగ్గరుంటాడు, మనం వేడిగా ఇక్కడుంటాం. నూటికి నూట పది చొప్పున అడగమనండి లాయర్ని. అలాగే సిటీ వేసే బదిలీ పన్నులో కొనేవాళ్ళ వంతు అయిదొందలకి మూడు డాలర్ల డెబ్బై అయిదు సెంట్లు. మన ధరకి రెండువేల ఏడువందలు, చేతిలో ఉంచుకోండి.

సుబ్బారావు: ఇన్ని తెలిసినదానివి నన్నెందుకు ఏజెంటుతో తిప్పావే?

కామాక్షి: నడిచే పేట అన్నారుగా, నడవనీ అని.

సుబ్బారావు: (ఆఖరి అస్త్రం తీసి) ధర ఎందుకు తగ్గిందో తెలుసా? ఫ్లాటు నంబరు 404. నాలుగు అన్న మాట వాళ్ళ చెవికి చావు అన్నట్టు వినపడుతుంది. అదీ రెండుసార్లు. అందుకే ఎవరూ కొనట్లేదు. మనకి ఆ పట్టింపు లేదు.

కామాక్షి: నాలుగూ సున్నా నాలుగూ కలిపితే?

సుబ్బారావు: ఎనిమి... అబ్బా!

కామాక్షి: శని సంఖ్య. మీ అమ్మగారు బతికుంటే ఆ గుమ్మం తొక్కేవారు కాదు.

సుబ్బారావు: చైనావాళ్ళకి ఎనిమిదంటే లక్ష్మీదేవే!

కామాక్షి: కూడుకుంటేనే కదా ఎనిమిది. వాళ్ళు కూడరు, మనం కూడతాం. రెండు జాతులూ వద్దన్న ఇల్లు ఏరి తెచ్చారు. ఇంకో మాట. ఆ ఇల్లు వీధి సరిగ్గా ఎదురొచ్చి గుద్దే చోట ఉంది. మనకది వీధిపోటు. వాళ్ళ ఫెంగ్‌షుయీలోనూ అది దోషమే. రేపు మనం అమ్మబోతే వచ్చేది ఆ పేటవాళ్ళే కదా. మీకు పట్టింపు లేకపోతే సరిపోతుందా? కొనేవాడికుండకూడదు.

సుబ్బారావు: అయితే వద్దంటావా?

కామాక్షి: వద్దని ఎప్పుడన్నాను? ధర వద్దన్నాను. పైకప్పు వాటా ఆరువేల ఆరువందలూ వాళ్ళే భరించాలి, పీ-11 పిన్ను కాంట్రాక్టులోకి ఎక్కాలి, మూడేళ్ళ మీటింగ్ మినిట్స్ విడిగా అడగాలి, ఈ కట్టలో అవి లేవు. కప్పు ఎన్నిసార్లు కారిందో, ఎవరెవరు కొట్టుకున్నారో అందులోనే ఉంటుంది. రెండు నాలుగులకీ కలిపి ఇంకో పదిహేను వేలు తగ్గించమనండి. అన్నట్టు, లిఫ్టుందా?

సుబ్బారావు: ...నడిచే పేట.

కామాక్షి: నాలుగో అంతస్తుకీనా?

(లేచి, వంటింట్లోంచి ఇరవై పౌన్ల బియ్యం బస్తా తెచ్చి భర్త భుజం మీద పెట్టింది.)

సుబ్బారావు: ఇదేమిటే?

కామాక్షి: డెవాన్ నుంచి వచ్చారు, రైలు దిగారు, ఇంటికి చేరారు. నాలుగో అంతస్తంటే మూడు వరుసల మెట్లు. మనింట్లో ఉన్నది ఒక్క వరుసే కాబట్టి మూడుసార్లు ఎక్కండి. దిగడం లెక్కలోకి రాదు.

(మెట్ల మీద బరువైన అడుగులు. కాసేపటికి పైనుంచి ఆయాసం.)

సుబ్బారావు: కామాక్షీ... పదిహేను కాదు... ఇరవై వేలు తగ్గించమందాం.

కామాక్షి: దిగండి. ఇంకా రెండున్నాయి.